గంగమ్మ పేరు మీద

పద్నాలుగో భాగం

పోయిన వారం చదివినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. చదవనివాళ్లకు నాలుగు మాటలు చెప్పి లోపలికి తీసుకెళ్తాను.

సోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్డు దాటి నీలం నగర్. అందులో ఒక సాలెవాళ్ల గల్లీ. మగవాళ్లు పవర్‌లూముల మీద టవల్స్ నేస్తారు, ఆడవాళ్లు ఇళ్లలో బీడీలు చుడతారు. రోడ్డు వెడల్పు చేస్తామని అధికారులు ఆ గల్లీలో నలభై ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసి పోయారు. ఇళ్లు పోతే మనుషులు ఎక్కడికి పోవాలో ఏ కాగితంలోనూ రాయలేదు. పైగా బుల్‌డోజర్ వచ్చే ముందు రోజు, ఐదుగురు ఒకచోట చేరకూడదని జమావ్‌బందీ ఆర్డరు అతికించారు. అప్పుడు మంగళ అనే నలభై ఐదేళ్ల కోడలు బీడీల చాట తీసుకుని రోడ్డు మీదికొచ్చి కూర్చుంది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు. నలుగురు ఒకచోట, పది అడుగులు వదిలి ఇంకో నలుగురు, మళ్లీ పది అడుగులు వదిలి మరో నలుగురు. నినాదాలు లేవు, జెండాలు లేవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ కూర్చున్నారు. బుల్‌డోజర్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ వెనక్కి పోయింది. మూడుసార్లూ పోలీసులు మంగళను తీసుకెళ్లి, పొద్దుగూకే దాకా బల్ల మీద కూర్చోబెట్టి, పేరు రాసుకుని వదిలేశారు.

తప్పు ఆ పేరు దగ్గరే జరిగింది. "పేరు?" అనగానే మంగళ నోటి నుంచి "గంగమ్మ" అని వచ్చేసింది. గంగమ్మ ఆమె అత్త. కాపురానికి వచ్చిన నాటి నుంచి, అంటే ఇరవై నాలుగేళ్లుగా, మంగళ చుట్టిన బీడీలన్నీ అత్త కార్డు మీదే పోయాయి. కార్ఖానాలో "గంగమ్మా" అని పిలిస్తే "హో" అని గంప ముందుకు తోసేది మంగళే. ఆ గల్లీలో సగంమంది ఆడవాళ్లు ఇలా అత్త పేరు మీదో, ఎప్పుడో పోయిన ఆడబిడ్డ పేరు మీదో పని చేసేవాళ్లే. బల్ల, రిజిస్టరు, పెన్ను పట్టుకున్న మగమనిషి కనబడితే వాళ్ల నోటికి కార్డు పేరే వస్తుంది, సొంత పేరు ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

మూడు కేసులూ గంగమ్మ మీద పడ్డాయి. మూడూ కలిసి ఒక ఫైలయింది. జవాబు చెప్పుకోమని నోటీసు వస్తే, తీసుకోకపోతే కేసు లేనట్టేననుకుని కొడుకు దత్తాత్రి దాన్ని వెనక్కి పంపాడు. చివరికి పైనున్న సాహెబు ఆమె ముఖమైనా చూడకుండా సంతకం చేశాడు. గంగమ్మను సోలాపూర్ జిల్లా నుంచి ఏడాదిపాటు తడీపార్ చేశారు. ఏడాది దాకా ఆమె జిల్లా పొలిమేర లోపల కనబడకూడదు. ఆ కాగితం పట్టుకుని హవల్దార్ వాసుదేవ్ గడప దగ్గర నిలబడితే, పోయిన వారం మనం ఆగిపోయాం.

*

శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. పక్క గల్లీలో లూములు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. రేకుల కింద ఇల్లు మండిపోతోంది.

గంగమ్మ మంచం మీద కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్లు రెండూ వాచి, బాత్‌రూముకు పోవాలన్నా గోడ పట్టుకుని పోవాల్సిందే. రెండేళ్లుగా ఆమె గడప దాటలేదు. మంగళ ధైర్యమంతా దానిమీదే. హవల్దార్ లోపలికి వస్తాడు, ముసలామెను చూస్తాడు, తల కొట్టుకుంటాడు, ఏదో పొరపాటయిందని రాసుకుని పోతాడు అనుకుంది.

వాసుదేవ్ లోపలికి వచ్చాడు. గంగమ్మను చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"కూసో బిడ్డా. బూట్లు ఇప్పకు, ఫర్శి బండలు కాలుతున్నయ్" అంది గంగమ్మ, వచ్చినవాడు చుట్టమైనట్టు.

"ఈమెనా సాహెబ్ రోడ్డు మీద కూసున్నది?" మంగళ ఎదురుగా వచ్చి నిలబడింది. "సూడుండ్రి. మీరే సూడుండ్రి. లేసి నాలుగు అడుగులు ఏస్తే కూలబడుతది."

"నాకు మాలూమే వహినీ" అన్నాడు వాసుదేవ్, మరాఠీలో వదినా అని పిలిచి, నేల చూస్తూ. అతనూ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో పుట్టి పెరిగినవాడే, అతని తల్లి కూడా బీడీలు చుట్టే అతన్ని పోలీసు చేసింది. "నేను మొదాల్నే చూసి పోయిన."

"ఎప్పుడు?"

"పదిహేను దినాలాయె. చౌకశీకి, ఇచారణకు వచ్చిన. నువ్వు కార్ఖానాకు పోయినవ్, దత్తాత్రి అన్న డ్యూటీల ఉండె. అవ్వ ఒక్కతే ఉన్నది. మూడుసార్లు రోడ్డు మీద కూసున్న గంగమ్మ ఎవలు అని అడిగిన. నేనే అన్నది. అవ్వా, మంచిగ యాద్ చేసి చెప్పు, నువ్వెట్ల కూసుంటవ్ అన్న. నేనే కూసున్న, ఏమైతది, రాసుకో అన్నది. ఆధార్ చూపెట్టింది. పేరు సరిపోయింది, పత్తా సరిపోయింది. జవాబ్ రాసుకొని అంగఠా తీస్కపోయిన."

ఆ వేలిముద్ర గురించి నాకు ఒక మాట చెప్పాలని ఉంది. నలభై ఏళ్లు ఆకు మడిచి మడిచి గంగమ్మ బొటనవేలు మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషను ఆ వేలును గుర్తు పట్టదు. ఆమె వాటా బియ్యం కోసం మనవరాలు నెలనెలా ఎవరెవరినో బతిమాలుకోవాలి. అదే వేలికి సిరా పూసి పోలీసు కాగితం మీద నొక్కితే మాత్రం చెల్లుతుంది, అక్కడ నల్లటి మచ్చ ఒకటి పడితే చాలు. బియ్యం ఇవ్వడానికి గుర్తు పట్టని ప్రభుత్వం, ఊరు వెళ్లగొట్టడానికి ఎంత బాగా గుర్తు పట్టిందో చూడండి. నాకు ఒళ్లు మండుతుంది.

మంగళ అత్త వైపు తిరిగింది.

"నువ్వే చెప్పినవా అత్తా?"

"చెప్పిన."

"ఎందుకు?"

"నా పేరు అడిగిండు. నా పేరే చెప్పిన" అంది గంగమ్మ. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు.

గడప మీద కూర్చున్న దత్తాత్రి తల ఎత్తలేదు. యాభై ఒక్క ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా లూముల మోతలో పని చేసి సగం చెవుడు తెచ్చుకున్నాడు. వినబడని చోట ఊరుకోవడం అలవాటైంది, వినబడ్డ చోట కూడా ఊరుకుంటాడు.

వాళ్ల ఇరవై రెండేళ్ల కూతురు ఆరతి మాత్రం ఊరుకోలేదు. జిరాక్స్ దుకాణంలో పని చేసే పిల్ల, రోజూ ఇలాంటి కాగితాలు వందలు చూస్తుంది. హవల్దార్ చేతిలోంచి ఆర్డరు తీసుకుని మరాఠీలో ఉన్నదాన్ని ఒక్కో లైనూ చదివింది. నాయనమ్మ వైపు తిరిగింది. "ఆజీ, దీంట్ల ఏమున్నదో తెలుసా? నీ వల్ల జనాల ప్రాణానికి, ఆస్తికి భయమట. సాక్షులు నీకు భయపడి ముందుకు వస్తలేరట. నువ్వు సోలాపూర్ల ఉంటే ఇగ ముందు కూడా ఇట్లనే చేస్తవట."

"ఇగ ముందా?" గంగమ్మ చెవి ఒగ్గింది. "అంటే చేసినదానికి కాదా?"

"చేసినవి మూడు చిన్న కేసులు. వాటికి కోర్టుల దండుగ ఏసి వదిలేస్తరు. ఇది ఇగ ముందు చేస్తవని."

గంగమ్మ మోకాలు రాసుకుంది.

"వాసుదేవా, నాకు చదువు రాదు. అడుగుత, చెప్పు. సర్కారు రోడ్డు ఏస్కుంటది. ఏస్కోనీ, రోడ్డు అందరికి కావాలె. పన్ను అడుగుతది, ఇస్తం. దొంగతనం చేస్తే జేలుల పెడ్తది. పెట్టనీ, అది సర్కారు పనే. కానీ ఈమె రేపు ఏదో చేస్తది అని ఇయ్యాల్నే మనిషిని ఊర్లకెల్లి తీసేసుడు ఏంది? ఊరు వాళ్లది ఎప్పుడయింది? మా మామ కరీంనగర్ దిక్కుకెల్లి భుజం మీద మగ్గం నాడె పెట్టుకొని ఈడికి నడుసుకుంట వచ్చినప్పుడు గీడ ముళ్లకంప తప్ప ఏం లేకుండె. రాయి ఏరి, మట్టి తొక్కి ఇల్లు కట్టుకున్నం. సర్కారు ఇచ్చింది ఒక్క నల్ల. దాంట్ల నీళ్లు ఐదు దినాలకొకసారి వస్తయ్."

"అవ్వా, నేను ఆర్డర్ తెచ్చేటోన్ని. రాసేటోన్ని కాదు."

"అందుకే నిన్ను కూసోమన్న. రాసినోడు వస్తే కూసోమనకపోదును."

వాసుదేవ్‌కు నవ్వు రాబోయి ఆగింది. అతను దత్తాత్రి వైపు వంగి గొంతు తగ్గించాడు. "అన్నా, ఒక మార్గమున్నది. ఇంట్ల సాపడలేదని, దొరకలేదని రాస్త. అవ్వను వారం పది దినాలు లోపటి ఖోలీల ఉంచుండ్రి. తలుపు దగ్గరకు రానియ్యకుండ్రి. ఆ లోపట వకీలును పట్టుకొని అపీల్ చేస్కోండ్రి."

దత్తాత్రి మొదటిసారి నోరు తెరిచాడు. "అదే మంచిగుంటది. కార్డు సంగతి బైటికి రావొద్దు. ఒకల కార్డు మీద ఇంకొకలు చేసిండ్రని తెలిస్తే ఇద్దరి మీద దగా కేసు పడ్తది. గల్లీల సగం ఇండ్లు ఇరుక్కుంటయ్."

"ఖోలీల ఎందుకు దాక్కోవాలె?" గంగమ్మ మంచం కోడు పట్టుకుంది. "నా ఇంట్ల నేను లేనని వీడు రాయాలె, నేను లేనట్టు ఉండాలెనా? అట్లయితే ఊరిడిచి పోయినదానికీ దీనికీ ఫరక్ ఏంది?"

"మరి నువ్వు చెప్పింది కూడా అబద్ధమే కద ఆజీ!" ఆరతి అరిచింది.

గంగమ్మ మంచం కోడు వదిలేసింది.

మంగళ అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉంది. ముందుకు వచ్చి హవల్దార్ ఎదురుగా నేల మీద కూర్చుంది, చాట ముందు కూర్చున్నట్టే.

"రాసుకోండ్రి సాహెబ్. గంగమ్మ అని చెప్పింది నేను. మూడుసార్లు కూసున్నది నేను. నోటికి కార్డు పేరు వచ్చింది, నేను సరి చేయలే. నా పేరు మంగళ. జమావ్‌బందీ ఏసుడు తప్పు అనుకున్న, అందుకే కూసున్న. రాత్రి దొంగలెక్క పోయి బుల్‌డోజర్ టైరు కోయలే, అందరు చూస్తుండంగ పట్టపగలు కూసున్న. దానికి ఏం శిక్ష ఉంటే అది నాకే ఏయ్యాలె. ఈ ముసలామె వెనక దాక్కుంటే, నేను కూసున్నదానికి విలువేమున్నది?"

ఆ మాటలు అన్నప్పుడు ఆమెకు భయం వేయలేదు. ఇన్నాళ్లుగా గుండెల మీద ఉన్న బరువు దిగినట్టనిపించింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు.

వాసుదేవ్ ఫైలు తెరిచి మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "వహినీ, దీంట్ల మంగళ అనే పేరే లేదు. మూడు కేసులల్ల లేదు. కార్ఖానా రిజిస్టర్ల లేదు, నేనే పోయి చూసిన. నిన్ను ఏమని తీస్కపోవాలె? నువ్వు కూసున్నవని నాకు తెలుసు. కాగితానికి తెల్వదు."

మంగళ ఇరవై నాలుగేళ్లు రోజుకు వెయ్యి బీడీలు చుట్టింది. నడుం విరిగింది, దగ్గు పట్టుకుంది. జ్వరమొచ్చి దవాఖానాకు పోతే చీటీ మీద గంగమ్మ అనే రాశారు. ఇప్పుడు తప్పు చేశానని ఒప్పుకుందామన్నా ఆమెకు పేరు లేదు.

మంగళ ఏడవడం మొదలుపెడితే గంగమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత కొడుకును పిలిచింది.

"దత్తూ, మంచం జరుపు. కింద చెక్క లేపు."

ఆ మంచం కింద నేలలో మగ్గం గుంట ఉంది. గంగమ్మ భర్త ఎల్లయ్య బతికున్న రోజుల్లో ఆ గుంటలో కాళ్లు దించుకుని చీరలు నేసేవాడు. మగ్గం పోయాక గుంట మీద చెక్కలు పరిచి మంచం వేశారు. ఎల్లయ్య పోయి కూడా పదకొండేళ్లు అవుతోంది. దత్తాత్రి తల్లిని కుర్చీలోకి మార్చి, మంచం పక్కకు లాగి, చెక్క లేపాడు. దుమ్ము పైకి లేచింది. అడుగున పాత నాడెలు, విరిగిన కండెలు, వాటి మధ్య ఒక రేకు డబ్బా.

"అది మంగళకియ్యి."

డబ్బాలో ఒక బీడీ కార్డు ఉంది. అట్ట పసుపు రంగు పోయి గోధుమ రంగుకు తిరిగింది. లోపల ఒక ఫోటో. ముక్కుపుడక, నుదుట బాసింగం దారం గుర్తు ఇంకా పోని కొత్త కోడలు. కింద మరాఠీలో పేరు, మంగళ దత్తాత్రి. పేజీలన్నీ ఖాళీ.

"మీ మామ నీ పెండ్లయిన మూడో నెలల ఫారం నింపిచ్చిండు" అంది గంగమ్మ. హవల్దార్ ఉన్నాడని కూడా ఆమె చూసుకోలేదు. "కార్డు వచ్చింది. నువ్వు అప్పుడు పుట్టింటికి పోయినవ్. ఇంటికి ఒకటే కార్డు నడుస్తది, కోడలిది చాలూ చేస్తే నీది బంద్ అన్నడు కార్ఖానాల మునీమ్. నాకు భయమైంది మంగళా. కార్డు ఉన్న ఆడిదానికే ఇంట్ల మాట ఉంటది. నాకు యాభై ఏండ్లు అప్పుడు. కార్డు పోతే మూలకు కూసోపెట్టి ఇంత అన్నం పడేస్తరు అనుకున్న. దీన్ని గుంటల పడేసి, కొత్త కార్డులు బంద్ చేసిండ్రని నీకు చెప్పిన. మీ మామకూ అదే చెప్పిన. ఆయన నమ్మిండు. నమ్మే పోయిండు."

దత్తాత్రి చేతిలో చెక్క అలాగే ఉంది.

మంగళ కార్డు చూస్తోంది. ఫోటోలో ఉన్న పిల్ల తనేనని నమ్మబుద్ధి కాలేదు. ఆమెకు దుఃఖం ఆగిపోయి కోపం వచ్చింది. అత్త మీద అంత కోపం ఆమెకు ఎన్నడూ రాలేదు.

"ఇప్పుడు చెప్తవా? ఇన్నేండ్లు నా నడుం మీదికెల్లి పోయినంక ఇప్పుడు తీసి ఇస్తవా? ఏడాది ఊరిడిచి పోతే నీ పాపం కడుక్కుపోతదనుకున్నవా?"

"కడుక్కుపోదు" అంది గంగమ్మ. ఆమె గొంతులో జాలి అడుక్కోవడం లేదు. "పోదని తెలుసు. ఈ పోలీసోడు వచ్చి గంగమ్మ ఎవలు అని అడిగినప్పుడు, నువ్వు అని చెప్పబుద్ధి కాలే. కార్ఖానాల నా పేరు పిలిస్తే హో అన్నది నువ్వు. సర్కారు నా పేరు పిలిస్తే నేనన్న హో అనాలె కద? నా పేరు మీద ఇరవై నాలుగేండ్లు కష్టం నువ్వు చేసినవ్. నా పేరు మీద పడ్డ శిక్ష ఒక్క ఏడాది నన్ను పడనియ్యి. ఇంకొకటి కూడా ఉన్నది. సోమవారం బుల్‌డోజర్ వస్తది. నువ్వు జేలుల ఉంటే ముందుగాల చాట పట్టుకొని ఎవలు కూసుంటరు? నేను ఎక్కడ కూసున్నా ఒకటే."

మంగళ క్షమించానని అనలేదు. ఆ క్షణంలో అలా అనగలిగితే ఆమె మనిషి కాదు.

వాసుదేవ్ ఫోను మోగింది. అవతలివాడు అరుస్తున్నాడు. ఇతను "హో సర్, నిఘాలో సర్" అని, బయలుదేరామని మరాఠీలో నాలుగుసార్లు అన్నాడు. ఫోను జేబులో పెట్టి నుదురు తుడుచుకున్నాడు. ఐదున్నరలోపల ఆమెను జిల్లా సరిహద్దు బోర్డు అవతల నిలబెట్టి ఫోటో తీసి పంపాలట. దొరకలేదని రాసే అవకాశం కూడా పోయింది.

*

వ్యాను గల్లీ మొదట్లో ఆగింది. లోపలికి రాదు, గల్లీ ఇరుకు. అందుకే కదా నంబర్లు వేసింది.

రెండు చీరలు, మోకాళ్ల గోలీలు, తువ్వాల కలిపి ఆరతి మూట కట్టింది. సరిహద్దు అవతల, కర్ణాటకలోని విజాపూర్‌లో దత్తాత్రి మేనమామ కొడుకు ఇల్లుంది, అక్కడికి చేర్చాలని ఇంట్లో అనుకున్నారు. దత్తాత్రి చొక్కా తొడుక్కుని తల్లి వెంట బయలుదేరాడు. మహిళా కానిస్టేబుల్ తృప్తి వచ్చి ముసలామె రెక్క పట్టుకుంది. ఇరవై నాలుగేళ్లు కూడా ఉండవు ఆ పిల్లకు. ఎత్తుకుని తీసుకుపోదామా అని వాసుదేవ్‌ను అడిగింది.

"ఎత్తుకోవొద్దు" అంది గంగమ్మ. "నడుస్త. టైమ్ పడ్తది, పడనియ్యుండ్రి."

రెండేళ్ల తర్వాత ఆమె గడప దాటింది. ఎండకు కళ్లు చిట్లించి గల్లీ చూసింది. జమావ్‌బందీ ఇంకా అమల్లోనే ఉంది. ప్రతి ఇంటి గడప ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నలుగురే. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏడవలేదు. గంగమ్మ గోడ పట్టుకుని, ఎర్ర నంబర్ల మీద చెయ్యి వేసుకుంటూ ఒక్కొక్క ఇల్లూ దాటింది. ఐదు నిమిషాల దారికి ఇరవై నిమిషాలు పట్టింది.

వ్యాను ఎక్కే ముందు వెనక్కి తిరిగి మంగళను చూసింది. ఏదో పెద్ద మాట అంటుందని అందరూ అనుకున్నారు.

"గ్యాస్ మీద పాలు ఉన్నయ్. పొంగుతయేమో చూడు" అంది.

మంగళ ఆ పాలు దించలేదు. అవి పొంగి, స్టవ్వు ఆరిపోయాక ఆరతి పోయి తిప్పేసింది. మంగళ తెరిచి ఉన్న మగ్గం గుంట పక్కన కూర్చుని కార్డు తిప్పుతూ ఉండిపోయింది. ఆ కార్డు ఇప్పుడు చెల్లదని ఆమెకు తెలుసు. అయినా కింద పెట్టబుద్ధి కాలేదు. పక్కింటివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి తొంగిచూసి పోయారు. సోమవారం కూర్చుంటామా లేదా అని అడగాలని వచ్చారు, అడగలేక పోయారు. అత్త మీద కోపం తగ్గలేదు. ఆ ముసలామె వ్యానులో ఎలా కూర్చుందో, మోకాళ్లు ఎంత నొప్పి పెడుతున్నాయో అన్న ఆలోచన కూడా పోలేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి, రెండింటితో ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

పొద్దు వాలుతుండగా ఆరతి ఫోను మోగింది. దత్తాత్రి. ఆ మోతల మనిషి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు. ఇప్పుడు మాట వినబడీ వినబడనట్టు ఉంది.

"అమ్మకియ్యి. జల్దీ ఇయ్యి."

మంగళ ఫోను అందుకుంది.

"భీమ బ్రిడ్జి అవతల దింపిండ్రు. ఆ దిక్కు కర్ణాటక బోర్డు పక్కన నిలబెట్టి ఫోటో తీసి పంపిండ్రు. నేను విజాపూర్ బండి కోసం రోడ్డు దిక్కు చూస్తున్న. తిరిగి చూసే వరకు అవ్వ లేదు. బ్రిడ్జి మీద ఉన్నది. రెయిలింగ్ పట్టుకొని ఇటు దిక్కే, సోలాపూర్ దిక్కే నడుస్తున్నది."

"ఆపు మరి!"

"చెయ్యి పట్టుకుంటే ఇదిలిచ్చుకున్నది. నేను గుంజితే పడ్తది."

పరుగెత్తే చప్పుడయి, ఫోను చేతులు మారింది. వాసుదేవ్ ఆయాసపడుతున్నాడు. "వహినీ, బ్రిడ్జి దాటినంక ఈ దిక్కు మా జిల్లా బోర్డు ఉన్నది. నేను దాని కాడ్నే నిలబడ్డ. అది దాటే దాకా ఆమెను పట్టుకునే హక్కు నాకు లేదు. దాటితే అరెస్టు చెయ్యాలె, పైకెల్లి వీడియో కాల్ చాలూ ఉన్నది, అందరు చూస్తున్నరు. తడీపార్ ఆర్డర్ మీరితే రెండేండ్ల దాకా జేలు. ఆ వయసుల పోతే బైటికి రాదు. ఎన్ని తీర్ల చెప్పినా వింటలేదు."

"ఏమంటున్నది?"

"మీ ఫోటో అయిపోయింది కద, మీ పని అయిపోయింది, ఇగ నా ఇంటికి నేను పోత అంటున్నది." అతను మళ్లీ అందుకున్నాడు. "ఇంకొకటి అన్నది. రోడ్డు మీద కూసున్నది నేను కాదు బిడ్డా, అది అబద్ధం. ఇది మాత్రం నేనే చేస్తున్న, మంచిగ రాసుకో అన్నది."

మంగళ చేతిలో ఉన్న కార్డు నలిగింది. అత్త ఇల్లు కదిలిన నిమిషం నుంచే దీనికోసం నడుస్తోందని ఆమెకు అప్పుడు అర్థమైంది. విజాపూర్ చుట్టాల ఇల్లు, మూట, మోకాళ్ల గోలీలు అన్నీ వీళ్ల మనశ్శాంతి కోసమే.

"ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టుండ్రి" అంది మంగళ.

"నేను బోర్డు దాటి పోతే..."

"పెట్టుండ్రి సాహెబ్."

బూట్ల చప్పుడు. లారీ ఒకటి దడదడమంటూ పోయింది. గాలి. తర్వాత ఒక ముసలి ఊపిరి, అడుగుకూ అడుగుకూ మధ్య ఆగి ఆగి తీసుకుంటున్నది.

"అత్తా, నేను మంగళను."

"తెలుస్తది" అంది గంగమ్మ. "కాళ్లు గుంజుతున్నయ్. ఇంక పదిహేను అడుగులు ఉంటదేమో. జల్దీ చెప్పు."

ఆగమంటే ఆమె బతుకుతుంది, విజాపూర్‌లో ఎవరిదో వసారాలో ఏడాది కూర్చుంటుంది. రమ్మంటే జైలుకు పోతుంది, అక్కడి నుంచి మళ్లీ ఈ మంచం మీదికి రాకపోవచ్చు. అవతల గంగమ్మ నడక ఆపింది. రెయిలింగ్ మీద గాజులు తగిలిన చప్పుడయింది.

"ఎందుకొస్తున్నవని నన్ను అడుగుతవ్ అనుకున్న, నువ్వు అడుగుతలేవ్" అంది గంగమ్మ. "నేనే అడుగుత. ఆగమంటవా, రమ్మంటవా? నువ్వు ఏది అంటే అది."

కాపురానికి వచ్చిన ఇరవై నాలుగేళ్లలో అత్త ఏం చేయమంటావని ఆమెను అడగడం అదే మొదలు. ఆరతి తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఫోనులో వెనక నుంచి వాసుదేవ్ "ఆగమను వహినీ, ఆగమను" అంటూనే ఉన్నాడు.